ఫోన్‌లో నీళ్లున్నాయి.. బిందెలో లేవు!

సెన్సర్ పెట్టి, దాని రీడింగ్‌ను ఫోన్‌లో చూపించే ప్రాజెక్టు ఇప్పుడు దాదాపు ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలోనూ కనిపిస్తుంది. ఊరి ట్యాంకు, పంప్‌హౌస్, సెల్ టవర్, సోలార్ ప్లాంటు లాంటి వాటిని దూరం నుంచి కనిపెట్టుకునే ‘ఇండస్ట్రియల్ ఐఓటీ’ ఉద్యోగంలో మాత్రం అడిగే ప్రశ్న వేరు. ‘ఆ రీడింగ్ నిజమేనని నీకెలా తెలుసు?’ దీనికి జవాబు చెప్పగలిగేలా ఎలా తయారవ్వాలో చూద్దాం.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. పాలమూరు వైపు కొన్ని ఊళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకులకు నీటిమట్టం సెన్సర్లు పెట్టే పని మా టీమ్‌కు వచ్చింది. ట్యాంకు పైన సెన్సర్, కింద చిన్న పెట్టె, దానికో సోలార్ ప్యానెల్, బ్యాటరీ, సిమ్. వచ్చిన సమాచారాన్ని స్క్రీన్ మీద చూపించే కోడ్ నాది. ట్యాంకు నిండుగా ఉంటే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. డెమో రోజు అందరూ మెచ్చుకున్నారు.

వానాకాలంలో ఒకరోజు ఓ ఊరి నుంచి ఫోన్. రెండ్రోజులుగా నల్లా రావట్లేదట. స్క్రీన్ చూశాను. 78 శాతం, ఆకుపచ్చ. ‘ట్యాంకులో నీళ్లున్నాయండీ, వాల్వు చూసుకోండి’ అని చెప్పేశాను. మర్నాడు మళ్లీ ఫోన్ వస్తే బయల్దేరక తప్పలేదు. ట్యాంకు కింద ఖాళీ బిందెలతో నిలబడ్డవాళ్లకు నా ఫోన్‌లోని ఆకుపచ్చ రంగు చూపించబోతే ఓ పెద్దావిడ అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు. ‘నీ ఫోన్ల నీళ్లున్నయి బిడ్డా.. మా బిందెల లేవు.’

నిచ్చెన ఎక్కి చూస్తే ట్యాంకు అడుగు కనిపిస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజ్ పోయి మోటార్ ఆగిపోయింది. అది మామూలే. అంతకుముందే ముసురు పట్టి, ప్యానెల్‌కు ఎండ తగలక, బ్యాటరీ దిగిపోయి మా పెట్టె కూడా ఆగిపోయింది. అదీ మామూలే. మామూలు కానిది నా కోడ్. డేటాబేస్‌లో చివరి వరుసలో ఏ అంకె ఉంటే అది తెచ్చి చూపించమని రాశాను. అది ఎప్పటిదో చూడమని రాయలేదు. నేను ఫోన్‌లో గర్వంగా చెప్పిన 78 అప్పటికే పాతబడిన అంకె.

ఇంకో సంగతి తెలిశాక నాకు నోట మాట రాలేదు. నీళ్లు వదిలే ఆపరేటర్ అంతకుముందు రోజూ పొద్దున్నే నిచ్చెన ఎక్కి చూసేవాడట. మా స్క్రీన్ వచ్చాక ఎక్కడం మానేశాడు. అంటే మేం ఏదీ పెట్టకపోయి ఉంటే, ఆ ఊరికి మొదటి రోజే విషయం తెలిసేది.

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే. రీడింగ్ తెప్పించడం సగం పనే. ఆ రీడింగ్‌ను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో చూసేవాళ్లకు తెలిసేలా చేయడం మిగతా సగం. ఇంటర్వ్యూలో మిమ్మల్ని పక్కవాళ్ల నుంచి వేరు చేసేది ఈ రెండో సగమే.

అసలేంటీ టెలిమెట్రీ?

దూరాన ఉన్నదాన్ని కొలిచి, ఆ కొలతను మన దగ్గరికి తెప్పించుకోవడమే టెలిమెట్రీ. పొలంలో మోటార్‌ను ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్లు మన ఊళ్లలో చూసే ఉంటారు. అర్ధరాత్రి కరెంటొస్తే టార్చి పట్టుకుని చేను దాకా నడవాల్సిన పని రైతుకు తప్పింది. మోటార్ నడుస్తోందా, ఫేజ్ పోయిందా అన్నది మెసేజ్‌లో వస్తుంది. ఇదే పనిని వందల పంపులకు, పైప్‌లైన్లకు, టవర్లకు ఒకేచోటి నుంచి చేస్తే అది ఇండస్ట్రియల్ ఐఓటీ.

పెద్దదైనా చిన్నదైనా ఇందులో నాలుగు అంచెలుంటాయి.

1. సెన్సర్: నీటిమట్టం, పీడనం, ప్రవాహం, కరెంటు, ఉష్ణోగ్రత లాంటివి కొలుస్తుంది.

2. స్థానిక పెట్టె: సెన్సర్లను చదివే పీఎల్‌సీ లేదా ఆర్‌టీయూ. మోటార్‌ను ఆపడం, నడపడం లాంటి నిర్ణయాలు ఇక్కడే జరుగుతాయి. మీటర్లు, డ్రైవ్‌లతో ఇది ఎక్కువగా ఆర్ఎస్-485 తీగల మీద మోడ్‌బస్ భాషలో మాట్లాడుతుంది. మోడ్‌బస్‌ను మోడికాన్ సంస్థ 1979లో తెచ్చింది. ఇన్నేళ్లయినా ఫ్యాక్టరీల్లో దాని స్థానం చెక్కుచెదరలేదు.

3. నెట్‌వర్క్: 4జీ సిమ్, ఎన్‌బీ-ఐఓటీ, లోరా, ఫైబర్, ఎక్కడా ఏమీ లేకపోతే ఉపగ్రహం. మన దేశంలో లోరా పరికరాలు లైసెన్సు అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేస్తాయి.

4. సర్వర్, స్క్రీన్: సమాచారం దాచడం, గ్రాఫులు, అలారాలు. కంట్రోల్ రూముల్లో దీన్ని స్కాడా అంటారు.

కాలేజీలో మనం ఎక్కువ సమయం నాలుగో అంచె మీద పెడతాం. ఎందుకంటే డెమోలో కనిపించేది అదే. సైట్‌లో సమస్యలు మాత్రం మొదటి మూడు అంచెల్లోనే ఎక్కువ.

సున్నా వేరు.. ఏమీ రాకపోవడం వేరు

ఇండస్ట్రీ సెన్సర్లలో చాలావాటి అవుట్‌పుట్ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. 4 అంటే 0 శాతం, 20 అంటే 100 శాతం. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? ఇది ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న. చాలామంది ‘స్టాండర్డ్ అంతే సర్’ అంటారు.

అసలు కారణం చాలా తెలివైనది. ట్యాంకు ఖాళీగా ఉన్నా సెన్సర్ 4 మిల్లీ ఆంపియర్లు పంపుతూనే ఉంటుంది. ‘నేను బాగానే ఉన్నాను, నీళ్లే లేవు’ అని దానర్థం. తీగ తెగితే కరెంటు 0కి పడిపోతుంది. ‘నేనే లేను’ అని అర్థం. ఖాళీ ట్యాంకు, తెగిన తీగ.. రెండూ ఒకే అంకెగా కనిపించకూడదనే మొదలును 4 దగ్గర పెట్టారు. పైగా రెండు తీగల సెన్సర్లు పనిచేయడానికి కావాల్సిన విద్యుత్తు కూడా ఆ 4 మిల్లీ ఆంపియర్లలోంచే దొరుకుతుంది.

చిన్న లెక్క చేద్దాం. ట్యాంకు ఎత్తు 5 మీటర్లు. సెన్సర్ 10.4 మిల్లీ ఆంపియర్లు పంపింది. అందులోంచి 4 తీసేస్తే 6.4. దాన్ని 16తో భాగిస్తే 0.4. ట్యాంకు ఎత్తుతో గుణిస్తే 2 మీటర్ల నీళ్లు. ఈ లెక్క నోటితో చేయగలిగితే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మీరు పుస్తకం దాటి వచ్చారని అర్థమవుతుంది. ‘3 మిల్లీ ఆంపియర్లు వస్తే?’ అని అడిగితే ‘మైనస్’ అంటూ లెక్క చెప్పకండి. ‘సెన్సర్‌లోనో తీగలోనో లోపం ఉంది, ఆ రీడింగ్‌ను వాడకూడదు’ అనండి.

నా కోడ్‌లో లేనిది ఈ తేడాయే. సమాచారం రాకపోవడాన్ని కూడా ఒక సమాచారంగా చూడాలని నాకు అప్పటికి తెలియదు.

నెట్‌వర్క్ పోతుందనే అనుకోండి

కాలేజీ ల్యాబ్‌లో వైఫై ఎప్పుడూ ఉంటుంది. గుట్ట మీద ఉన్న ట్యాంకు దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అందుకే డిజైన్ ‘నెట్ పోతే ఎలా?’ అన్న దగ్గరే మొదలవ్వాలి.

ఐఓటీ నేర్చుకునే ప్రతి ఒక్కరూ వినే ఎంక్యూటీటీ ప్రొటోకాల్ పుట్టిందే ఇలాంటి అవసరం నుంచి. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దీన్ని తయారుచేశారు. ఎడారుల్లాంటి చోట్ల సాగే చమురు పైప్‌లైన్ల సమాచారాన్ని ఖరీదైన, నెమ్మదైన ఉపగ్రహ లింకు మీద తెప్పించుకోవాలి. కాబట్టి మెసేజ్ చిన్నగా ఉండాలి, లింకు తెగినా తట్టుకోవాలి. ఇందులో ‘లాస్ట్ విల్’ అనే సదుపాయం ఉంది. పరికరం కనెక్ట్ అయ్యేటప్పుడే ‘నేను చెప్పకుండా మాయమైతే ఈ మాట అందరికీ చెప్పు’ అని బ్రోకర్ దగ్గర ఒక మెసేజ్ ఉంచుతుంది. కనెక్షన్ తెగిపోతే బ్రోకర్ దాన్ని ప్రకటిస్తుంది. ఒకరకంగా వీలునామా అన్నమాట.

ఇదే ప్రొటోకాల్‌లో ఒక ఉచ్చు కూడా ఉంది. ‘రిటైన్’ ఆప్షన్ పెడితే బ్రోకర్ చివరి మెసేజ్‌ను దాచి, కొత్తగా వచ్చినవాళ్లకు వెంటనే ఇస్తుంది. అందులో సమయం రాసి లేకపోతే నెల కిందటి రీడింగ్ కూడా తాజాగానే కనిపిస్తుంది. నా 78 శాతం లాగే!

ఈ నాలుగు అలవాట్లు మొదటి ప్రాజెక్టు నుంచే చేసుకోండి.

సమయం పుట్టిన చోటే వేయండి: రీడింగ్ తీసిన క్షణాన్ని పరికరమే రాయాలి. సర్వర్‌కు చేరిన సమయం వేరు. దీనికి బ్యాటరీతో నడిచే చిన్న గడియారం చిప్ వాడతారు. అది లేకుండా, నెట్ కూడా లేకుండా బోర్డు రీస్టార్టయితే తేదీ 1970 జనవరి 1 అని పడటం చాలామందికి అనుభవమే.

దాచి, తర్వాత పంపండి: 5 నిమిషాలకో రీడింగ్ అంటే రోజుకు 288. మూడు రోజులు నెట్ లేకపోయినా దాచాల్సింది 864 రీడింగులే. ఒక్కోటి 100 బైట్లనుకున్నా 90 కిలోబైట్లు దాటదు. ఇంత చిన్న జాగ్రత్తకు మెమరీ లేదనే సాకు చెల్లదు.

బతికే ఉన్నానని చెప్పించండి: నీటిమట్టం మారకపోయినా, నిర్ణీత వ్యవధిలో ఒక చిన్న మెసేజ్ రావాలి. రాకపోతే స్క్రీన్ బూడిదరంగులోకి మారాలి. దాంతో పాటు బ్యాటరీ వోల్టేజీ, సిగ్నల్ బలం కూడా పంపితే పెట్టె ఆగిపోయే ముందే తెలుస్తుంది.

నియంత్రణ అక్కడే ఉంచండి: ట్యాంకు నిండితే మోటార్ ఆపే నిర్ణయం క్లౌడ్‌లో ఉండకూడదు. నెట్ పోతే నీళ్లు పొర్లిపోతాయి. ఆపడం స్థానిక పీఎల్‌సీ పని, చెప్పడం క్లౌడ్ పని.

ఒకదానికి ఇంకొకటి సాక్ష్యం

ఒక్క సెన్సర్‌ను గుడ్డిగా నమ్మొద్దు. ట్యాంకు మూత కింద సాలెగూడు కట్టినా, ఆవిరి బొట్లు పేరుకున్నా అల్ట్రాసోనిక్ సెన్సర్ దాన్నే నీళ్లనుకుని ‘నిండుగా ఉంది’ అనొచ్చు. అదే సమయంలో మోటార్ కరెంటు, పైపులో ప్రవాహం కూడా చూస్తే అబద్ధం దొరికిపోతుంది.

ఉదాహరణకు 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటార్ సుమారు 7-8 ఆంపియర్లు తీసుకుంటుంది. బోరులో నీళ్లయిపోయి ఊరికే తిరుగుతుంటే కరెంటు బాగా తగ్గుతుంది. ఎక్కడైనా పట్టేస్తే పెరుగుతుంది. ఒక ఫేజ్ సున్నాకు పడి మిగతా రెండు పెరిగితే వైండింగ్ కాలిపోయే ప్రమాదం. మోటార్ నడుస్తూ, ప్రవాహం ఉంటూ, ట్యాంకు మట్టం మాత్రం పెరగడం లేదంటే.. పైపు ఎక్కడో పగిలి ఉండాలి, లేదా మట్టం సెన్సర్ తప్పు చెబుతుండాలి. ఇవన్నీ నాలుగైదు షరతులతో రాసే మామూలు కోడే. ఏఐ అక్కర్లేదు. కావాల్సింది మోటార్ గురించి, నీళ్ల గురించి తెలిసి ఉండటం.

అలారాల విషయంలోనూ అంతే. రోజుకు యాభై మెసేజ్‌లు వస్తే ఆపరేటర్ ఫోన్ సైలెంట్‌లో పెట్టేస్తాడు. ఎవరికి, ఎప్పుడు, ఏం చేయమని పంపుతున్నామో ఆలోచించాకే అలారం పెట్టాలి.

ఉద్యోగాలు ఎక్కడ?

తాగునీరు: తెలంగాణలో కృష్ణా, గోదావరి నీళ్లను ఇంటింటికీ చేర్చే మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో మొదలైంది. కేంద్రం 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలంటోంది. అందుతున్నాయని చెప్పాలంటే కొలవాలి. ప్రవాహం, పీడనంతో పాటు నీటిలో మిగిలిన క్లోరిన్‌నూ చూడాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి.

విద్యుత్తు: 2021లో ఆమోదం పొందిన ఆర్‌డీఎస్ఎస్ పథకం లక్ష్యం దేశవ్యాప్తంగా 25 కోట్ల స్మార్ట్ మీటర్లు. మీటరు బిగించడం నుంచి సమాచారాన్ని విశ్లేషించడం వరకు పనులుంటాయి.

కాలుష్య నియంత్రణ: ఫార్మా, సిమెంటు, చక్కెర, థర్మల్ సహా 17 రకాల పరిశ్రమలు గొట్టాల పొగను, వ్యర్థజలాలను నిరంతరం ఆన్‌లైన్‌లో కొలవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ లాంటి పారిశ్రామికవాడలున్న మనకు ఇది దగ్గరి రంగం. రీడింగ్ నిజమా కాదా అన్నది ఇక్కడ చట్టంతో ముడిపడిన విషయం.

సోలార్, టెలికం: కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు సామర్థ్యమే 1000 మెగావాట్లు. ఇలాంటి చోట్ల ఇన్వర్టర్లు, ప్యానెళ్ల వరుసల పనితీరును పోల్చి చూస్తూ ఉండాలి. సెల్ టవర్ల దగ్గర బ్యాటరీ, డీజిల్, తలుపు తెరిచారా లేదా అన్నదంతా దూరం నుంచే చూస్తారు.

ఈఈఈ, ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకు సైట్ కమిషనింగ్, పీఎల్‌సీ-స్కాడా, ఫర్మ్‌వేర్ పనులు. సీఎస్ఈ వాళ్లకు సర్వర్, డేటా, అలారం వ్యవస్థలు. డిప్లొమా వాళ్లకు ప్యానెల్ వైరింగ్, మెయింటెనెన్స్ సరిపోతాయి. పెద్ద కంపెనీల పేర్లే కాకుండా సిస్టమ్ ఇంటిగ్రేటర్లు, ప్యానెల్ తయారీ యూనిట్ల దగ్గరా వెతకండి. ఒక్క మాట దాచకుండా చెప్పాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి కంటే తక్కువ ఉండొచ్చు. ఎండలో తిరగాలి, నిచ్చెనలు ఎక్కాలి. కానీ రెండు మూడేళ్లు సైట్ చూసినవాళ్లు తర్వాత ఆఫీసులో డిజైన్ చేస్తే ఆ మాటకు ఉండే విలువ వేరు.

ఇంటిమీద ట్యాంకే ల్యాబ్

ఐదారు వందల రూపాయల ఈఎస్‌పీ32 బోర్డు, తడి తగిలినా పాడవని అల్ట్రాసోనిక్ సెన్సర్, ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే మస్కిటో, నోడ్-రెడ్, గ్రఫానా సాఫ్ట్‌వేర్లు చాలు. బోర్డు కొనలేకపోతే వోక్వీ అనే ఆన్‌లైన్ సిమ్యులేటర్‌లో మొదలుపెట్టండి. ఈ సెన్సర్లలో చాలావాటికి దాదాపు 20 సెంటీమీటర్ల లోపు దూరం సరిగా కనపడదు. అందుకే పూర్తిగా నిండినప్పటి మట్టానికి అంతకంటే ఎత్తులో బిగించాలి.

రీడింగ్ వచ్చాక ఆగిపోకండి. అసలు ప్రాజెక్టు అక్కడే మొదలవుతుంది. వైఫై ఒక పూట ఆపండి. తిరిగి వచ్చాక మధ్యలోని రీడింగులు సరైన సమయాలతో చేరాయా? కరెంటు తీసి పెట్టండి. తీగ పీకేయండి. సెన్సర్ ముందు అట్టముక్క పెట్టండి. ప్రతిసారీ స్క్రీన్ ఏం చెప్పిందో, మీరు ఏం మార్చారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. రెండు వారాలు స్కేలుతో కొలిచి సెన్సర్ రీడింగ్‌తో పోల్చండి. బ్రోకర్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. 1883 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేయకుండా ఎన్‌క్రిప్షన్ ఉండే 8883 వాడటం నేర్చుకోండి. ఊరి మోటార్ స్విచ్చి ఎవరి చేతిలోనైనా పడే ప్రమాదం చిన్నది కాదు.

రెజ్యూమేలో ‘ఐఓటీ ఆధారిత నీటిమట్ట పర్యవేక్షణ’ అని రాస్తే నూటికొకటిలో మీదీ ఒకటి. ‘నెట్ లేని 6 గంటల్లో ఒక్క రీడింగ్ పోలేదు, సెన్సర్ ఆగిన 10 నిమిషాల్లో స్క్రీన్ చెప్పింది’ అని, నిజంగా చేసి చూసి రాస్తే ఇంటర్వ్యూ అంతా దానిమీదే నడుస్తుంది.

ఈ ప్రశ్నలకు సిద్ధమవ్వండి

• మోడ్‌బస్‌లో అన్ని పరికరాలూ జవాబిస్తూ ఒకటి మాత్రం ఇవ్వట్లేదు. మొదట ఏం చూస్తావు? (చిరునామా, బాడ్ రేటు, ఎ-బి తీగలు తారుమారయ్యాయా.)

• ఒకే రీడింగ్ రెండుసార్లు ఎందుకొచ్చింది? (ఎంక్యూటీటీలో క్వాలిటీ ఆఫ్ సర్వీస్ 1 అంటే ‘కనీసం ఒకసారి’ అనే హామీ. రెండోసారీ రావొచ్చు. సర్వర్ గుర్తుపట్టాలి.)

• గంట నుంచి నీటిమట్టం చుక్క కూడా మారలేదు. మంచిదా, చెడ్డదా? (మోటార్ ఆగి, నీళ్లు వదలకపోతే మామూలే. మోటార్ నడుస్తుంటే అనుమానించాలి.)

కోర్సుల విషయానికొస్తే, ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ సుదీప్ మిశ్రా చెప్పిన ఐఓటీ, ఇండస్ట్రీ 4.0 పాఠాలు ఉచితంగా వినొచ్చు. బీటెక్ తర్వాత సీ-డాక్ వారి సీ-క్యాట్ రాసి ఎంబెడెడ్, ఐఓటీ పీజీ కోర్సుల్లో చేరొచ్చు. ‘పీఎల్‌సీ కోర్సు చేస్తే నూరు శాతం ఉద్యోగం’ అనే ప్రకటనలు కనిపిస్తే డబ్బు కట్టే ముందు వెళ్లి చూడండి. అసలు పీఎల్‌సీ ప్యానెల్ మీద చేతితో వైరింగ్ చేయిస్తున్నారా, స్లైడ్లే చూపిస్తున్నారా అన్నది అరగంటలో తెలిసిపోతుంది.

ఇక ఆ ఊరి సంగతి. తిరిగి వచ్చాక నేను మార్చింది కొన్ని లైన్ల కోడే. ప్రతి ట్యాంకు అంకె కింద ‘ఎంతసేపటి కిందటిది’ అన్నది వచ్చింది. అరగంట దాటితే రంగు పోయి ‘సమాచారం లేదు, వెళ్లి చూడాలి’ అని కనిపిస్తుంది. అదే మాట తెలుగులో ఆపరేటర్ ఫోన్‌కు వెళ్తుంది. ఆయనతో మాట్లాడి ఇంకోటి కూడా ఒప్పుకొన్నాం. స్క్రీన్ ఏం చెప్పినా వారానికోసారి నిచ్చెన ఎక్కి చూడటం, కంటికి కనిపించిన మట్టాన్ని మాకు చెప్పడం. మొదటి నెలలోనే ఆయన చెప్పిన లెక్కతో రెండు సెన్సర్లు సరిచేశాం.